ఎవరి చేతి బండి? పదిహేనేళ్ళ స్కార్పియో దించి మరో సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ తెచ్చుకునే ముందు

2010లో రోడ్డెక్కిన మహీంద్రా ఎంహాక్ ఇంజన్ స్కార్పియోలకు పదిహేనేళ్ళు నిండాయి. సొంత వాడకం బండికి ఆర్‌సీ గడువు అంతే. ఇంకో ఐదేళ్ళు తిప్పాలంటే ఫారం 25 పెట్టి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజే 5,000 రూపాయలు. దాని మీద గ్రీన్ ట్యాక్స్. ఆ ఖర్చుకు భయపడి బండి మార్చనక్కర్లేదు. అసలు లెక్క బండి కింద ఉంటుంది.

"ఇంజన్ ఇంకా గట్టిగానే ఉందండీ" అనే మాట దాదాపు ప్రతి పాత స్కార్పియో ఓనరు అంటాడు, చాలావరకు నిజమే. ఇంజన్ పోతే చేయించుకోవచ్చు, ఛాసిస్ పోతే ఏమీ చేయలేం. ర్యాంపు మీద ఎత్తించి, స్క్రూడ్రైవర్ పిడితో ఛాసిస్ పొడవునా కొట్టి చూడాలి. ఖణేల్‌మంటే సరే, మొద్దుగా శబ్దం వచ్చి పెచ్చులు రాలితే ఆ బండికి సెలవివ్వాల్సిందే. బాడీ మౌంట్లు కూర్చున్న చోట్లు, ఫుట్‌స్టెప్ బ్రాకెట్లు, వెనక చక్రాల పైభాగం ముందు తుప్పు పడతాయి. విశాఖ, కాకినాడ వైపు సముద్రం గాలికి తిరిగిన బండికి ఇది పదేళ్ళకే రావచ్చు. ఛాసిస్ బాగుంటే అప్పుడు రిపేర్ల చీటీ రాయండి: క్లచ్ సెట్టు, టర్బో, ఇంజెక్టర్లు, స్టీరింగ్ ర్యాక్, ఏసీ కూలింగ్ కాయిల్, సస్పెన్షన్ బుష్‌లు. ఏడాదిలో వీటిలో మూడు తప్పవని మెకానిక్ అంటే, మొత్తం ఖర్చు బండి అమ్మకపు ధరలో సగానికి దగ్గరపడుతుంది. మార్చడానికి అదే సమయం.

స్క్రాప్ సంగతి కూడా ఇక్కడే. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రం ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో ట్యాక్స్ రాయితీ వచ్చేది కొత్త బండి కొంటేనే. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకు దాంతో నేరుగా ఉపయోగం లేదు. నడుస్తున్న స్కార్పియోకు పల్లెల్లో ఇంకా గిరాకీ ఉంది కాబట్టి అమ్ముకోవడమే మేలు.

ఏ బండి అనేది మీరు తిరిగే దారిని బట్టి

అందరూ ముందు మోడల్ పేరుతో మొదలుపెడతారు. రోజుకు ఎంత దూరం, ఏ రోడ్డు మీద అన్నది ముందు తేల్చుకోవాలి. రోజూ ఎనిమిది కిలోమీటర్లు సిటీ ట్రాఫిక్‌లో తిరిగి, నెలకోసారి ఊరెళ్ళే ఇంటికి బీఎస్ 6 (2020 ఏప్రిల్ నుంచి వచ్చిన పొగ నిబంధన) డీజిల్ అంత తలనొప్పి మరొకటి లేదు. సైలెన్సర్ లైన్లో ఉండే డీపీఎఫ్ అనే జల్లెడ మసిని పట్టి ఉంచుతుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి వేడెక్కి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. ఆ అవకాశం రాకపోతే మసి నిండి లైటు వెలుగుతుంది, పికప్ తగ్గుతుంది. కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. అందుకే బీఎస్ 6 డీజిల్ చూసేటప్పుడు డిప్‌స్టిక్ మీద ఆయిల్ 'మ్యాక్స్' గీత దాటి ఉంటే "ఆయిల్ నిండుగా పోశారు" అని సంతోషించకండి, వాసన చూడండి. డీజిల్ కంపు కొడితే ఆ డీపీఎఫ్ కథ ముగింపుకు వచ్చిందని అర్థం. కొత్తది వేయాలంటే బిల్లు లక్షలోకి వెళ్ళిపోతుంది.

వారానికోసారైనా హైవే ఎక్కే ఇంటికి డీజిల్ బాగానే పనికొస్తుంది. 2020 ఏప్రిల్ 1కి ముందు అమ్మిన బీఎస్ 4 బండ్లలో ఈ గొడవ తక్కువ. ఎక్స్‌యూవీ 700, స్కార్పియో ఎన్ డీజిల్‌కు వెళ్తే డీఈఎఫ్ ట్యాంకు కూడా ఉంటుంది, ఆ యూరియా ద్రావణం అప్పుడప్పుడు పోసుకుంటూ ఉండాలి. అది అయిపోతే బండి హెచ్చరిస్తుంది, అయినా వినకపోతే ఆపాక మళ్ళీ స్టార్ట్ కానివ్వదు.

ఏడుగురు కూర్చునే పాత బండ్లలో మన దగ్గర ఎక్కువగా తిరిగేవి మూడు: 2014 తర్వాతి ఎస్ సిరీస్ స్కార్పియో, 2011 నుంచి 2021 దాకా వచ్చిన ఎక్స్‌యూవీ 500, 2016లో దిగిన ఇన్నోవా క్రిస్టా. మూడోది ఎస్‌యూవీ కాదని వాదించవచ్చు కానీ స్కార్పియో అమ్మిన ఇళ్ళలో సగం అటే చూస్తాయి. స్కార్పియో, క్రిస్టా రెండూ ఛాసిస్ మీద బాడీ కూర్చున్న వెనక చక్రాల బండ్లు. గుంతల రోడ్డుకు, బరువుకు ఆగుతాయి. ఎక్స్‌యూవీ 500 కారులాగా ఏకబాడీ, ముందు చక్రాల లాగుడు. హైవే మీద హాయిగా ఉంటుంది, ధర కూడా ఎక్కువ పడిపోయింది. అయితే క్లచ్, సస్పెన్షన్ బుష్‌ల చప్పుళ్ళు దాంట్లో బాగా చూసుకోవాలి. స్కార్పియోలో వెనక ఎదురెదురు సీట్ల వేరియంట్లు పిల్లలున్న ఇంటికి వద్దు. పక్కకు తిరిగి కూర్చున్న మనిషిని ఏ బెల్టూ కాపాడదు. కింది వేరియంట్లలో ఎయిర్‌బ్యాగులు లేకుండా వచ్చినవీ ఉన్నాయి, అడిగి కాదు, స్టీరింగ్ మీద గుర్తు చూసి నిర్ధారించుకోండి.

క్రిస్టా విషయంలో ఒక ప్రత్యేక జాగ్రత్త. ట్యాక్సీగా తిరిగి తర్వాత ఓన్ బోర్డుకు మార్చినవి మార్కెట్లో కొల్లలు. తెల్ల ప్లేటు చూసి మోసపోవద్దు. ట్యాక్సీకి 80 దగ్గర ఆపే స్పీడ్ గవర్నర్ ఉంటుంది, తీసేసినా వైరు కత్తిరించిన జాడలు, బ్రాకెట్ రంధ్రాలు మిగులుతాయి. రూఫ్ మీద క్యారియర్ బిగించిన గుర్తులు, డ్రైవర్ సీటు కన్నా ఎక్కువ నలిగిన మధ్య వరుస సీట్లు, స్లైడింగ్ పట్టాల అరుగుదల ఇవన్నీ చెప్పేస్తాయి. ఆర్‌సీ పాత నంబరు, వాహనం తరగతి మార్పు ఆర్టీఏ రికార్డులో దొరుకుతాయి. ట్యాక్సీగా తిరిగినంత మాత్రాన బండి చెడ్డదేమీ కాదు, ఇంటి బండి ధర ఇవ్వకూడదంతే.

ధర మాట వచ్చింది కాబట్టి: 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం దాకా ఉన్న పన్ను 40కి దిగింది. కొత్త బండ్ల ధరలు తగ్గాక పాతవాటి ధర కూడా దిగాలి. అమ్మేవాళ్ళు ఇంకా పన్ను తగ్గకముందు ఉన్న కొత్త బండి ధరను పట్టుకుని లెక్క చెబుతుంటే, అదే మోడల్ లేదా దాని తర్వాతి మోడల్ ఈరోజు ఆన్ రోడ్ ఎంతో కాగితం మీద రాసి ముందు పెట్టండి.

షోరూం ట్రాక్ లేని బండి ముందు ఆగిపోండి

మీటరు వెనక్కి తిప్పడం ఈ రోజుల్లో లాప్‌టాప్‌తో పది నిమిషాల పని. అందుకే డ్యాష్‌బోర్డ్ మీద అంకెను నమ్మి ధర కట్టడం తెలివితక్కువ. బండి నంబరు, ఛాసిస్ నంబరు పట్టుకుని ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు ఓనరుతో కలిసి వెళ్తే హిస్టరీ మొత్తం తీసిస్తారు. దాంట్లో చూడాల్సింది కిలోమీటర్లు వరుసగా పెరిగాయా అన్నదొక్కటే కాదు. సర్వీసుల మధ్య ఎంత గ్యాప్ ఉంది? రెండేళ్ళు ఏమీ లేకుండా ఉంటే ఆ రెండేళ్ళు ఎక్కడ చేయించారు, బిల్లులున్నాయా? క్లచ్ ఎప్పుడు మారింది? బాడీషాప్ ఎంట్రీలు, ఇన్సూరెన్స్ క్లెయిముల మొత్తాలు ఎంత? 2.5 లీటర్ల పాత ఇన్నోవా చూస్తుంటే టైమింగ్ బెల్టు ఏ రీడింగ్ దగ్గర మార్చారో బిల్లు అడగాలి. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ విప్పాల్సి వస్తుంది. క్రిస్టాలో, ఎంహాక్‌లో చైన్ ఉంటుంది కాబట్టి ఈ బెంగ లేదు.

హిస్టరీకి బండి ఒంటి మీదే సాక్షులుంటాయి. టైరు పక్కన డీఓటీ కోడు చివర నాలుగంకెలు చూడండి: 3219 అంటే 2019లో 32వ వారం తయారీ. ఈ సైజు బండికి టైర్ల సెట్టు మామూలుగా 45 నుంచి 50 వేల కిలోమీటర్లు వస్తుంది. 2018 బండి, మీటరు 48 వేలు చూపిస్తోంది, టైర్లేమో మూడో సెట్టు. లెక్క ఎక్కడో తప్పింది కదా. స్టెప్నీ కోడు బండి తయారీ సంవత్సరానికి దగ్గరగా ఉండాలి. క్లచ్, బ్రేకు పెడల్ రబ్బర్లు అరిగి నున్నగా ఉన్నా, మరీ కొత్తగా మెరుస్తున్నా అనుమానమే. సీటు బెల్టు అడుగున చిన్న ట్యాగు మీద తయారీ తేదీ ఉంటుంది, అద్దాల మూలల్లో ముద్రలుంటాయి. అన్ని అద్దాలూ ఒకే కంపెనీవి, ఒకటి మాత్రం వేరే ఏడాదిదైతే ఆ వైపు ఏం జరిగిందో అడగాలి.

బండి కంప్యూటర్లోని లోపాలను ఫోనులో చూపించే బ్లూటూత్ ఓబీడీ స్కానర్, రెండు వేల లోపు దొరికేది ఒకటి కొనుక్కోండి. ఎర్రర్ కోడ్లు ఎలాగూ చూస్తారు. దాని కన్నా పనికొచ్చేది ఇంకొకటుంది: కోడ్లు చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించే లైను. అక్కడ 6 అని ఉంటే పొద్దున్నే ఎవరో చెరిపి మీ ముందు పెట్టారన్నమాట.

పొద్దున్నే వెళ్ళండి, ఇంజన్ చల్లగా ఉండగా

ముందురోజే ఫోన్ చేసి "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పాలి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే చల్ల ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు బయటపడేదేదో దాస్తున్నారు. స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు సైలెన్సర్ వెనక నిలబడాలి. కాసేపు వచ్చి తగ్గే తెల్ల పొగ చలికాలంలో మామూలే. ఆగకుండా వస్తే, కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానం. నీలం పొగ ఆయిల్ కాలడం. టర్బో సీలు కావచ్చు, ఇంజన్ బోరుకు వచ్చి ఉండవచ్చు. తొక్కినప్పుడు ఒక్క గుప్పు నల్ల పొగ పాత డీజిల్‌కు సహజం, బొగ్గులా కక్కితే ఇంజెక్టర్లు, పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ చూడాలి.

ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ మూత విప్పి దానిమీదే వదులుగా పెట్టండి. కొద్దిగా కదిలితే ఫర్వాలేదు, ఎగిరి పడుతుంటే పిస్టన్ రింగుల దగ్గర గాలి కిందికి దూరుతోంది. మూత లోపల మజ్జిగలాంటి నురగ ఉంటే నీళ్ళు కలిశాయి. ఇంటర్‌కూలర్ గొట్టం చేత్తో పట్టుకుంటే పలచగా ఆయిల్ అంటడం పెద్ద లోపం కాదు, కారుతుంటే టర్బో ఖర్చు మీదే. ఇంజన్ ఆపిన క్షణంలో గేర్‌బాక్స్ వైపు నుంచి గడగడమంటే క్లచ్‌కు ఆనుకుని ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ వదులైంది. క్లచ్‌తో కలిపి మార్చాలి, ధర తగ్గించడానికి ఇది గట్టి కారణం.

టెస్ట్ డ్రైవ్ కాలనీలో ఒక చుట్టు కాదు, కనీసం 20 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో అయితే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించండి. ఎత్తు మీద మూడో గేర్లో 40 వేగం దగ్గర పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం లేచి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. 80కీ 100కీ మధ్య స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్ కావచ్చు, వంగిన రిమ్ము కావచ్చు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు. స్పీడ్ బ్రేకర్ ఒక చక్రం మాత్రం ఎక్కేలా మెల్లగా దాటించి వినండి, లోయర్ ఆర్మ్ బుష్‌లూ లింక్ రాడ్లూ అప్పుడే మాట్లాడతాయి. ఏసీ రెండు వైపులా, వెనక వరుసలో కూడా చల్లబడాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు తాళం తిప్పగానే వెలిగి కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ లైటునే పనిచేయకుండా చేశారేమో, అంటే బ్యాగు ఒకసారి పేలిందేమో అని ఆలోచించాలి.

పెయింటు మందం కొలిచే గేజ్ ఉన్న మెకానిక్‌ను తీసుకెళ్తే అదృష్టం. కంపెనీ పెయింటు సుమారు 80 నుంచి 150 మైక్రాన్లు. 200 దాటితే మళ్ళీ పూసింది, 400, 500 చూపిస్తే కింద పుట్టీ. బంపర్ గీతలకు రీపెయింట్ చేయించుకోవడం నేరమేమీ కాదు. పిల్లర్లు, రూఫ్, ఛాసిస్ కొమ్ములు మాత్రం తాకి ఉండకూడదు. తలుపు బీడింగ్ రబ్బరు లాగి చూస్తే కంపెనీ స్పాట్ వెల్డింగులు సమానమైన ఎడంలో గుండ్రంగా కనిపిస్తాయి. అవి లేకపోయినా, అక్కడ రంగు గరుగ్గా ఉన్నా పిల్లర్ కోసి అతికించారు. బానెట్, ఫెండర్ బోల్టుల తలల మీద రెంచి గీతలు కూడా చూడండి.

వరద బండి ఇంకా ప్రమాదం. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2023 డిసెంబర్‌లో చెన్నై, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. అక్కడ మునిగిన బండ్లు శుభ్రమై వేరే జిల్లాల్లో అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి, చివరి అడుగులో బురద గీత ఎవరూ కడగరు. సీటు పట్టాల కింద తుప్పు, స్టెప్నీ ఉండే చోట ఒండ్రు, ఫ్యూజ్ బాక్స్ పిన్నుల మీద పచ్చని పూత, ఏసీ వేయగానే ముక్క వాసన. వీటిలో రెండు కనిపిస్తే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. ఇంజన్ బాగుచేయవచ్చు, వైరింగ్ హార్నెస్ మాత్రం రెండు మూడేళ్ళ తర్వాత ఒక్కో కనెక్టరుగా చస్తుంది.

కాగితాలు

ఆర్‌సీలో ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా అన్నది ముందు. లోను తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు మిగిలితే ఫారం 35 రెండు కాపీలు, బ్యాంకు ఎన్ఓసీ లేకుండా బదిలీ కాదు. చలానాలు బండి నంబరు మీద చూసి కట్టించండి. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోల్చండి, గీకి మళ్ళీ కొట్టినట్టుంటే మాట్లాడకుండా వచ్చేయండి. రెండో తాళంచెవి ఉందో లేదో బయానా ఇవ్వకముందే అడగాలి.

బండి పక్క రాష్ట్రానిదైతే లెక్క మారుతుంది. ఆంధ్ర నుంచి తెలంగాణకైనా, ఇటు నుంచి అటైనా ఫారం 28 ఎన్ఓసీ, ఆ తర్వాత ఇక్కడ కొత్త నంబరు, లైఫ్ ట్యాక్స్. 2014కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టరై ఏపీ 09 నంబరుతోనే తిరిగే బండి తెలంగాణ రికార్డులోదే, నంబరు చూసి ఆంధ్ర బండి అనుకోవద్దు. ఢిల్లీ డీజిల్ బండ్ల కథ అందరికీ తెలిసిందే. అక్కడ పదేళ్ళ డీజిల్ మీద 2015లో హరిత ట్రిబ్యునల్ ఆంక్ష పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అందుకే ఆ వయసుకు దగ్గరపడ్డ బండ్లు చవగ్గా దొరుకుతాయి. 2025లో ఆ నిబంధన అమలు మీద మళ్ళీ మలుపులు తిరిగాయి కాబట్టి ఆ చవకదనం ఎప్పుడూ ఒకేలా ఉండదు. పైగా ఇక్కడి లైఫ్ ట్యాక్స్ మీరు కొన్న ధర మీద కాదు, బండి కొత్తప్పటి ధర మీద వయసును బట్టి కడతారు. రవాణా, ఏజెంటు ఖర్చు, ట్యాక్స్ కలిపాక మిగిలేది చాలాసార్లు మామూలు బేరం. ఆ మాత్రం డబ్బుకు హిస్టరీ చూడలేని బండి ఎందుకు?

కొన్న మొదటి నెల

ధరతో పాటు 60 వేల నుంచి లక్ష దాకా పక్కన పెట్టుకోకపోతే సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ జోలికి వెళ్ళకపోవడం మంచిది. "నిన్ననే సర్వీసు అయింది" అన్నా సరే, ఆయిల్ మార్చండి. బండిని బట్టి 6 నుంచి 7.5 లీటర్లు, ఫిల్టరుతో సహా. డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ మూడూ. కూలెంట్ మొత్తం దించి మాన్యువల్ చెప్పిన రకమే పోయాలి, రంగులు కలపకూడదు. బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళు దాటితే మార్చేయాలి. ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడేది దానివల్లే. గేర్ ఆయిల్, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ చాలామంది మర్చిపోతారు. ఆటోమేటిక్ అయితే 'లైఫ్‌టైమ్ ఆయిల్' అన్న మాట నమ్మకుండా, 80 వేల కిలోమీటర్ల లోపు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) మార్చిన బిల్లు లేకపోతే మార్పించండి. ఫ్యాన్ బెల్టులో పగుళ్ళు, బ్యాటరీ మీద తేదీ చూడండి. టైర్లు ఆరేళ్ళు దాటితే గీతలు ఎంత లోతున్నా తీసేయాల్సిందే. స్కార్పియో, ఎక్స్‌యూవీ 500 సైజు 235/65 ఆర్17 నాలుగు వేయించడానికి సుమారు 40 వేలు పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ పేరు మార్పుకు 14 రోజులు గడువు. థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటు వస్తుంది గానీ, సొంత బండి డ్యామేజీ క్లెయిము పాలసీ మీ పేరు మీదికి రాకపోతే రాదు. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనిషిది. పాత ఓనరు బోనస్ మీకు రాదు. మీ పాత స్కార్పియో మీద 50 శాతం దాకా పేరుకున్న బోనస్ మాత్రం, అమ్మిన రుజువు చూపి సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ళ లోపు ఈ బండికి వాడుకోవచ్చు. వేలల్లో మిగిలే ఈ సంగతి ఎక్కువమంది అడగరు.

పాత స్కార్పియో అప్పగించే రోజు

ఇల్లు వదిలే పాత బండి మీదే ఎక్కువ నిర్లక్ష్యం జరుగుతుంది. పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి తేదీ ఖాళీగా ఇచ్చేసి, డబ్బు తీసుకుని మర్చిపోతారు. అమ్మినవాళ్ళు 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికైతే 45 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. కొన్నవాళ్ళకు 30 రోజులు. పేరు మారకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది: చేతులు మారుతూ పోయిన బండి యాక్సిడెంట్ చేసినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉందో పరిహారం బాధ్యత వాళ్ళదే. డీలర్‌కు ఇస్తుంటే, 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఆర్టీఏ అనుమతి ఉన్న డీలరేనా అని అడిగి, బండి అప్పగించినట్టు ఫారం 29సీ పోర్టల్లో ఎక్కించమనండి. అప్పటి నుంచి బాధ్యత డీలర్‌దే.

డెలివరీ నోటులో తేదీతో పాటు గంటా నిమిషమూ రాయించండి, మీటరు రీడింగ్ కూడా. కొన్నవాళ్ళ ఆధార్ కాపీ, ఫోటో తీసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే, రెండు లక్షలు ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. అద్దం మీది ఫాస్టాగ్ గీకేయడం చాలదు, బ్యాంకుకు చెప్పి మూసేయించండి. లేకపోతే ఎవరో పంతంగి టోల్ దాటిన మెసేజ్ మీ ఫోనుకొస్తుంది. అమ్మిన నెలకు ఒకసారి బండి నంబరు కొట్టి ఓనరు పేరు మారిందో లేదో చూడండి. మారకపోతే కొన్నవాళ్ళకు అప్పుడే ఫోన్ చేయండి, ఆర్నెల్లు ఆగితే వాళ్ళ ఫోన్ నంబరు పనిచేయదు.